వెస్ట్ కెనెట్ దిబ్బ మీద పులిహోర

స్విండన్ దాటి దక్షిణానికి తిరిగాక నేల తెల్లబడుతుంది. గోధుమ కోతలు అయిపోయాయి. నాగలి తిరిగిన చోటల్లా మన్నులోంచి సుద్ద ముక్కలు పైకి తేలి, చేలన్నీ పాలిపోయి ఉన్నాయి. గుట్టలకేం కొదవ లేదు, కానీ ఒక్క గుట్ట మీదా బండ లేదు. అడుగు నుంచి కొన దాకా నున్నటి గడ్డి. పాలమూరు వాడికి గుట్ట అంటే రాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతాయన్నట్టు నిలబడ్డ గుండ్లు లేకపోతే అది గుట్టే కాదు. అందుకని మొదటి అరగంట ఆ అందాన్ని ఒప్పుకోవడానికి మనసు మొరాయించింది. తర్వాత మబ్బుల నీడలు ఆ వాలుల మీద పరుగెత్తుతుంటే చూసి లొంగిపోయాను.

"లండన్ల చూసేటివి శానా ఉండె మామా. గీ గోరీకే రావాల్నా?" అన్నాడు బండి నడుపుతున్న మా మేనల్లుడు. స్విండన్‌లో కాపురం పెట్టి ఇన్నేళ్ళయినా వాడు ఈ దిక్కుకు రాలేదు. ఇంటి దగ్గరి గుడికి ఊరివాళ్ళు పోరంటారు కదా.

నా కారణం నాకుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కృష్ణకు ఉత్తరాన, ఊట్నూరు దగ్గర ఒక బూడిద దిబ్బ ఉంది. కొత్తరాతియుగం నాటి పశువుల కాపరులు పెద్ద పెద్ద దొడ్లు కట్టి, ఏళ్ళ తరబడి పేరుకున్న పేడను తగలబెట్టగా మిగిలిన దిబ్బ అది. 1957లో రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు దాన్ని తవ్వి, దొడ్డి గుంజల గుంతలనూ, బూడిదలో అచ్చుపడిన గొడ్ల గిట్టల జాడలనూ బయటపెట్టాడు. అప్పటిదాకా ఆ దిబ్బలు ఏమిటన్నది పెద్ద వాదం. జనం మాత్రం ఎప్పుడో తేల్చేసుకున్నారు: ఎవరో రాక్షసుణ్ణి కాల్చిన చోటని. హంపి పక్కన నింబాపురంలో అలాంటి దిబ్బనే చూపించి వాలిని దహనం చేసిన చోటు అంటారు. ఆల్చిన్ అంత దూరం నుంచి వచ్చి మా గొడ్లకాపరుల దిబ్బ చూశాడు. ఆయన దేశపు గొడ్లకాపరుల సమాధి దిబ్బ వెస్ట్ కెనెట్‌ను చూడ్డం నాకూ బాకీయే అనిపించింది.

దారిలో ముందు ఏవ్‌బరీ వస్తుంది. ఊరు ఊరంతా, లేదంటే సగం ఊరు, రాళ్ళ వలయంలో ఇరుక్కుని ఉంది. చుట్టూ పెద్ద కట్ట, కట్ట లోపల ఒకప్పుడు 9 మీటర్ల లోతున్న కందకం, దాని అంచున మనిషికి రెండింతలున్న రాళ్ళు. వాటి మధ్య నుంచే తారు రోడ్డు, ఒక మలుపులో సారా దుకాణం. గొర్రెలు ఆ రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. స్టోన్‌హెంజ్ దగ్గర తాడు కట్టి దూరంగా నిలబెడతారు. ఇక్కడ ఎవరైనా పోయి రాయిని కౌగిలించుకోవచ్చు, ఇద్దరు ముగ్గురు ఆ పనిలోనే ఉన్నారు కూడా.

అయితే ఈ ఊరివాళ్ళు ఎప్పుడూ ఇంత ముద్దుగా చూసుకోలేదు. మధ్యయుగంలో కొన్ని రాళ్ళను గుంత తీసి పాతిపెట్టారు. 1938లో ఒక రాయిని లేపితే దాని కింద ఒక మనిషి ఎముకలూ, 14వ శతాబ్దపు నాణేలూ, ఒక కత్తెరా దొరికాయి. మంగలో, శస్త్రవైద్యుడో, ఆ రెండూ అయినవాడో అంటారు. 17, 18 శతాబ్దాల్లో ఇంకో పద్ధతి పట్టారు: రాయి కింద మంట పెట్టి, ఎర్రగా కాలాక చన్నీళ్ళు పోసి, సుత్తెలతో పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే ముచ్చటైన రాతి గోడల్లో ఆ ముక్కలున్నాయి. మా దగ్గర రాక్షసగుళ్ళనే పాత రాతిసమాధుల మూతబండలను కంకరకు కొట్టిన సంగతి, బూడిద దిబ్బలను బండ్లకెత్తి పొలాలకు ఎరువుగా తోలుకుపోయిన సంగతి గుర్తొచ్చి, తప్పు చేసిన పిల్లవాడికి క్లాసులో తోడు దొరికినంత ఊరట కలిగింది.

1871లో ఇక్కడి నేలను ఇళ్ళ ప్లాట్లు చేసి అమ్మబోతుంటే జాన్ లబక్ అనే బ్యాంకరు కొనేసి ఆపాడు. ప్లాట్లు అనే మాట విన్నాక మేనల్లుడు మొదటిసారి శ్రద్ధగా తలెత్తాడు. వాళ్ళ నాన్న పని అదే మరి. ఈ లబక్ విచిత్రమైన మనిషి. చీమల మీద పరిశోధన చేశాడు, కొత్తరాతియుగానికి ఇంగ్లిషులో ఇప్పుడున్న పేరు పెట్టాడు, 1882లో పాత కట్టడాల రక్షణకు పార్లమెంటులో చట్టం తెచ్చాడు. మేం చూడబోయే దిబ్బ ఆ చట్టం మొదటి జాబితాలోనే ఉంది. ఏవ్‌బరీ నేల కొన్న ఆ 1871లోనే బ్యాంక్ సెలవుల చట్టం కూడా ఆయన చలవే. మేం వెళ్ళింది ఆగస్టు బ్యాంక్ హాలిడే సోమవారం. అంటే వాడికి ఆ రోజు సెలవిచ్చింది, చూడ్డానికి రాళ్ళు మిగిల్చింది ఒకే మనిషి. ఆ మాట చెబితే, "మంచోడే మామా" అని వాడు సర్టిఫికెట్ ఇచ్చాడు.

ఏవ్‌బరీ గురించి ఇంకా ఎంతైనా రాయొచ్చు. ముప్ఫైలలో మార్మలేడ్ డబ్బుతో ఊరు కొని పడిపోయిన రాళ్ళను నిలబెట్టిన అలెగ్జాండర్ కీలర్ కథే ఒక నవలకు సరిపోతుంది. కానీ నా కాళ్ళు అప్పటికే దక్షిణం వైపు తిరిగాయి. బండి అక్కడే వదిలి నడక మొదలుపెట్టాం.

దారి వాగు వెంట పోతుంది. వాగు అనాలంతే, ఆగస్టులో అందులో నీళ్ళు లేవు. సుద్ద నేలలో ఊటలు చలికాలం వానలకు పొంగి, ఎండలు ముదిరాక అడుగంటుతాయట. ఇంగ్లండులో ఎండిన వాగు చూడగానే ఎవరో చుట్టం ఎదురైనట్టయింది. ఒడ్డున ముళ్ళ కంచెలు నల్లటి పళ్ళతో వంగి ఉన్నాయి. ఒక పెద్దావిడ పాత ఐస్‌క్రీం డబ్బాలో బ్లాక్‌బెర్రీలు ఏరుకుంటోంది. మేం ఆగి చూస్తుంటే డబ్బా మా ముందుకు చాచి, కిందివి తీసుకోవద్దంది. నడుం ఎత్తుకు కింద ఉన్నవాటి మీద కుక్కలు కాలెత్తుతాయి కాబట్టి పైవే కోయాలని ఉపదేశం. పులుపూ తీపీ వగరూ కలిసిన ఆ రుచి చిన్నప్పుడు చేల గట్ల మీద గీసుకుపోతూ కోసుకున్న పరికి పళ్ళను నాలుక మీదికి తెచ్చింది.

ఈ దేశంలో నడకకు ఒక మర్యాద ఉంది. ఎవరి పొలంలోంచి అయినా పాత కాలిబాట ఉంటే ఆ బాట మీద నడిచే హక్కు అందరిదీ. రైతు ఆ బాటను మూయకూడదు, నడిచేవాడు బాట దిగకూడదు. గేటు తీసినవాడు వేసి పోవాలి. ఎదురైనవాళ్ళు ఒక్క ముక్క పలకరిస్తారు, వాతావరణం మీద ఒక వ్యాఖ్య చేస్తారు, ఊరేదని అడగరు. మా ఊళ్ళో అయితే పొలం గట్టు మీద కొత్త మనిషి కనబడితే ఎవరింటికి వచ్చావు, ఏమవుతావు, భోజనం అయిందా అని మూడు ప్రశ్నలు దాటందే కదలనివ్వరు. రెండు పద్ధతుల్లో ఏది మంచిదంటే చెప్పలేను. ఇక్కడ పది మంది పలకరించినా ఎవరికీ నేనెవరో తెలియలేదు. అది కాసేపు హాయిగానూ, కాసేపు వెలితిగానూ ఉంది.

కుడివైపు సిల్బరీ హిల్ కనబడుతూనే ఉంటుంది. ముప్ఫై మీటర్లకు పైగా ఎత్తున్న సుద్ద కుప్ప, పూర్వయుగాల మనుషులు చేత్తో పోసిన గుట్టల్లో యూరప్ మొత్తానికీ పెద్దది. క్రీ.పూ. 2400 ప్రాంతంలో కట్టారు. లోపల రాజు ఉంటాడని, బంగారు గుర్రం ఉంటుందని 1776లో పైనుంచి బావి తవ్వారు, 1849లో పక్క నుంచి సొరంగం తొలిచారు, 1968లో టీవీ కెమెరాల సాక్షిగా మళ్ళీ తొలిచారు. శవం లేదు, బంగారం లేదు, ఏమీ లేదు. చివరికి 2000లో పాత బావి కుంగి కొన మీద పెద్ద గుంత పడితే దాన్ని పూడ్చడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎందుకు పోశారో ఎవరికీ తెలియని గుట్ట అది. దానివైపు అందరూ మెడ తిప్పి చూస్తున్నారు. మేం పోయే దిబ్బ దానికన్నా వెయ్యేళ్ళకు పైగా పాతది. దాన్ని కింది నుంచి చూస్తే గుట్ట వీపు మీద లేచిన చిన్న గీత, అంతే.

పెద్ద రోడ్డు దాటి, కెనెట్ పాయ మీది చిన్న వంతెన దాటి, కోసిన చేను అంచున ఎక్కుడు. బాట మీద సుద్ద బయటపడి బూట్లు తెల్లబడ్డాయి. సుద్దలో నల్లగా మెరిసే చెకుముకిరాళ్ళు. ఒకటి తీసి చూపించి, వాళ్ళ కత్తీ గొడ్డలీ బాణమూ ఇదేనన్నాను. మేనల్లుడు దాని అంచు మీద వేలు పెట్టి వెంటనే తీసేశాడు.

పైకి చేరాక చిన్న గీత అనుకున్నది వంద మీటర్ల పొడుగున సాగింది. తూర్పు కొసన మొహం, పడమటికి పొడుగాటి తోక. మొహం దగ్గర సార్సెన్ రాళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇసుకరాయి ముదిరి ఇనుమంత గట్టిపడితే సార్సెన్. నడిమి రాయి మనిషికి రెండింతలు. అవి వాకిలి అనుకుంటాం కానీ నిజానికి వాకిలి మూయడానికి తెచ్చి నిలబెట్టిన తలుపులవి. క్రీ.పూ. 3650 ప్రాంతంలో కట్టిన ఇంటిని, వెయ్యేళ్ళ పైన గడిచాక, ఇక చాలనుకుని మూసేశారు. ఇప్పుడు ఆ తలుపురాళ్ళ వెనక్కి పక్కగా దూరి లోపలికి పోవాలి. కాపలా లేదు, చీటీ లేదు, తాళం లేదు.

లోపల తల వంచక్కర్లేదు. అది నన్ను ఆశ్చర్యపరిచింది. మా దగ్గర రాతిగూళ్ళలోకి పాకితే తప్ప పోలేం. ఇక్కడ నిటారుగా నడుస్తూ పోతే కుడివైపు రెండు గదులు, ఎడమవైపు రెండు, ఎదురుగా పడమటి కొసన ఇంకొకటి. గోడలకు పెద్ద పెద్ద సార్సెన్‌లు, వాటి సందుల్లో పలకలు పలకలుగా పేర్చిన సున్నపురాయి. ఆ సున్నపురాయి ఇక్కడి నేలలో దొరకదు, పడమటి నుంచి మోసుకొచ్చారు. చక్రం లేని కాలంలో, గోడ సందు నింపడానికి! కొస గది కప్పులో 1950లలో బాగుచేసినప్పుడు బిగించిన గాజు నుంచి కాస్త వెలుగు పడుతోంది. చల్లగా తడి సుద్ద వాసన. తల మీద ఏదో దూసుకుపోయింది. స్వాలో పిట్టలు. కప్పురాళ్ళ సందులో మట్టి గూడు, అందులో నాలుగు నోళ్ళు.

ఎడమవైపు గది దగ్గర ఒక రాయిని తడిమితే చెయ్యి జారింది. మిగతా రాయంతా గరుకు, అక్కడ మాత్రం అద్దం. గొడ్డళ్ళు నూరిన చోటు. ఈ రాయి ఇంకా బయట చేలో పడి ఉన్నప్పుడు ఎవరెవరో వచ్చి దాని మీద రాతిగొడ్డలి అంచు పెట్టుకుని పోయేవారు. తర్వాత దాన్నే తెచ్చి గోడలో నిలబెట్టారు. దక్కనులో గుండ్ల మీద ఇలాంటి నూరుడు గుంటలు ఎన్ని చూశానో. ఆ జాగాలో వేళ్ళు పెట్టినప్పుడు పురావస్తు శాస్త్రం అక్కర్లేదు. మోచెయ్యి ఎంత కదిలిందో, ఎక్కడ బరువు మోపారో చేతికే తెలిసిపోతుంది.

ఈ గదుల్లో దొరికినవాళ్ళు కనీసం 36 మంది. 1859లో జాన్ థర్నమ్ పడమటి గదిని తవ్వాడు. మానసిక వైద్యశాలకు పెద్దడాక్టరు ఆయన, పుర్రెల కొలతల పిచ్చి. మిగతా నాలుగు గదులను 1955, 56లలో స్టూవర్ట్ పిగట్, రిచర్డ్ అట్కిన్సన్ తెరిచారు. వాళ్ళకన్నా ముందే, 17వ శతాబ్దంలో, టూప్ అనే వైద్యుడు ఈ చుట్టుపక్కల మనిషి ఎముకలు తవ్వి తీసుకుపోయి నూరి మందు చేశాడు. నూరింది ఎముకలు, మింగింది జనం. ఆ మందుతో ఎవరికైనా నయమైందేమో మరి.

ఒక్కొక్కరిని ఒక్కో పెట్టెలో పడుకోబెట్టలేదు ఇక్కడ. శవాలను గదుల్లో పెట్టారు, శిథిలమయ్యాక ఎముకలను పక్కకు జరిపారు, కలిపారు, వేరుచేశారు. పుర్రెలూ తొడ ఎముకలూ ఉండాల్సినన్ని లేవు, ఎటో తీసుకుపోయారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు. ఒక ముసలాయన గొంతు దగ్గర చెకుముకి బాణపు మొన దొరికింది. కొత్తరాతియుగం అనగానే పచ్చిక, గొర్రెలు, శాంతి అని ఊహించుకునేవాళ్ళకు ఆ మొన ఒకటి చాలు.

చాలాకాలం వరకు అందరూ అనుకున్నది ఏమంటే, వందల ఏళ్ళ పాటు తరం తర్వాత తరాన్ని ఇక్కడికి తెచ్చి ఉంటారని. 2007లో ఎముకల కాలాన్ని జాగ్రత్తగా లెక్కగడితే ఆ ఊహ కూలిపోయింది. ఆ మనుషులందరినీ పెట్టింది పది నుంచి ముప్ఫై ఏళ్ళ వ్యవధిలో. ఒకే ఒక్క తరం! ఇంత బరువులు ఎత్తి, ఇంత దూరం నుంచి రాయి మోసి కట్టిన ఇల్లు పాతికేళ్ళలో శవాలకు మూతపడింది. కానీ జనం రావడం మానలేదు. నూరేళ్ళ ఎడం తర్వాత మళ్ళీ వచ్చారు. సుద్ద మన్ను, కుండపెంకులు, పూసలు, జంతువుల ఎముకలు తెచ్చి గదుల్లో పోస్తూ, కప్పు అంటేదాకా నింపుతూ, వెయ్యేళ్ళకు పైగా వచ్చిపోతూనే ఉన్నారు. ఆ వచ్చినవాళ్ళకు లోపలున్నవాళ్ళు ఎవరో తెలిసే వీలు లేదు. పేరు తెలియదు, మొహం తెలియదు. పెద్దలు, అంతే.

ఆ గదిలో నిలబడి నేను లెక్క వేసుకున్నది మా ఇంటి లెక్క. ఇంకో నెలలో పెత్తరమాస. అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు అడుగుతారు. నాన్నది టక్కున చెబుతాను, తాతది చెబుతాను, ముత్తాత దగ్గర తడుముకుంటాను. తర్పణంలో ఆ మూడు తరాలూ వసువు, రుద్రుడు, ఆదిత్యుడు. నాలుగో తరానికి నా నోట పేరు లేదు. మాది కాల్చే ఇల్లు. ఎముకలు మూడోనాడు ఏరి కృష్ణలో కలుపుతాం, ఒక్కటీ మిగలనివ్వం. మా పక్కింటి లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు. పసిపిల్లలను ఏ ఇంట్లోనూ కాల్చరు. దక్కనులో కొత్తరాతియుగం వాళ్ళు కూడా పిల్లలను కుండల్లో పెట్టి ఇంటి నేల కిందే పూడ్చుకున్నారు, అమ్మకు దూరం కాకుండా. ఇలా ఒక్కొక్కరిది ఒక్కో తీరు కానీ, మొత్తం మీద మా దగ్గర మూడు పేర్లు ఉంటాయి, ఎముకలు ఉండవు. ఇక్కడ 36 మంది ఎముకలు దొరికాయి, ఒక్క పేరూ లేదు. ఎవరు ఎక్కువ దాచుకున్నట్టు? పుర్రె చేతికి తీసుకుని చూడగలిగిన ఆ మనుషులకు ముత్తాత అంటే ఒక బరువు. నాకు ముత్తాత అంటే తడుముకునే ఒక పేరు. రెంటిలో ఏదో ఒకటి నాకు రుచించాలని అనుకున్నాను, రెండూ రుచించలేదు.

నేల మీద గీరుతున్న చప్పుడైంది. నడివయసు స్త్రీ ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని పాత చాకుతో రాతి అడుగున కారిన కొవ్వొత్తి మైనం గీకుతోంది. పక్కన సంచి. అందులో కాలిన చిన్న చిన్న దీపాల రేకు గిన్నెలు, వాడిన పూలు, రిబ్బన్లు, ఎవరో పెట్టిపోయిన ఆపిల్. దగ్గరి ఊరు, వీలైనప్పుడల్లా వచ్చి తీస్తుందట. మంటకు రాయి మసిబారుతుంది, వేడికి పెచ్చులూడుతుంది. కొత్త దేవతలను కొలిచేవాళ్ళు, పాత దేవతలను కొలుస్తున్నామనుకునేవాళ్ళు, ఊరికే వచ్చేవాళ్ళు, అందరూ ఏదో ఒకటి వెలిగించి పోతారని చెప్పింది. మరి వెలిగించొద్దని చెప్పరా అన్నాను. "చెబితే మానరు, రాత్రి పూట వచ్చి వెలిగిస్తారు" అంది, విసుగు లేకుండా. పూలను మాత్రం బయటికి తీసుకెళ్ళి కంచె కింద పోస్తుందట, చెత్తబుట్టలో వేయడానికి చేతులు రావట. నేను వంగి రెండు రేకు గిన్నెలు ఏరి సంచిలో వేశాను. ఆమె థాంక్స్ చెప్పింది కానీ నేనెవరో అడగలేదు. ఇక్కడ అడగరుగా.

బయటికొచ్చి దిబ్బ పైకెక్కితే గాలి మొహాన కొట్టింది. పైన ఒక కుటుంబం దుప్పటి పరిచి శాండ్‌విచ్‌లు తింటోంది. వాళ్ళ కుక్క గడ్డిలో దొర్లుతోంది. సరిగ్గా వాళ్ళ కింద పడమటి గది. మేనల్లుడు వీపు సంచిలోంచి స్టీలు డబ్బా తీశాడు. వాళ్ళావిడ పొద్దున్నే లేచి కలిపిన పులిహోర, పల్లీలు దండిగా వేసి.

"గోరీ మీద కూసొని తింటమా మామా?" అని అడిగాడు. దారిలో తేలిగ్గా గోరీ అనేసిన వాడికి అన్నం డబ్బా తీశాకే ఇది నిజంగా గోరీ అని జ్ఞానోదయమైంది. నాకూ చెయ్యి ముందుకు పోలేదు. శ్మశానం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా గడప తొక్కని ఇల్లు మాది, అలాంటిది శ్మశానంలోనే ముద్ద ఎత్తడం! కాసేపు డబ్బా మా ఇద్దరి మధ్యా మూతతోనే ఉంది. కింద లోయలో సిల్బరీ ఆకుపచ్చగా కూర్చుని ఉంది. గడ్డి కట్టలు చేలో చాపల చుట్టల్లా పడి ఉన్నాయి. శాండ్‌విచ్ పిల్లల్లో ఒకడు దిబ్బ వాలు మీద నుంచి దొర్లుకుంటూ పోయి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దొర్లాడు.

గదుల్లో పోసిన మన్నులో దొరికిన జంతువుల ఎముకల సంగతి వాడికి చెప్పాను. ఇక్కడికి వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో రాలేదు, ఏదో ఒకటి తిన్నారు, పెట్టారు, పోశారు. వాళ్ళకు పశువులే ఆస్తి. మనం కాకికి ముద్ద పెట్టి అది ముట్టేదాకా ఆకులు వేసుకోకుండా చూసినట్టే, వాళ్ళూ ఎవరు ముడతారని చూశారో మనకెలా తెలుసు. "అయితే ముందు వాళ్ళకే పెడదాం" అని వాడే ఒక ముద్ద తీసి గడ్డిలో పెట్టాడు. కాకి రాలేదు, కుక్క వచ్చింది. ఇంగువ వాసన చూసి తుమ్మి, ఒక్క గుటకలో మింగింది. దాని యజమాని పరుగున వచ్చి పదిసార్లు క్షమాపణ చెప్పాడు. అది ఎవరి ముద్దో ఆయనకు ఏ భాషలో చెప్పాలి? మేం పులిహోర లాగించాం.

తింటూనే వాడు అడిగాడు, వీళ్ళంతా ఒక్క ఇంటోళ్ళేనా అని. ఈ దిబ్బ సంగతి కాదు కానీ, ఇదే కోవకు చెందిన హేజల్టన్ నార్త్ దిబ్బ ఉత్తరాన గ్లాస్టర్‌షైర్‌లో ఉంది. అక్కడి 35 మంది ఎముకల్లో డీఎన్ఏ చూసి 2021లో ఒక వంశవృక్షం గీశారు. అందులో 27 మంది ఐదు తరాల ఒకే కుటుంబం. ఒక మూలపురుషుడు, ఆయనతో పిల్లలను కన్న నలుగురు స్త్రీలు. ఎవరి సంతానం ఏ వైపు గదిలోకి పోవాలన్నది ఆ తల్లిని బట్టి నడిచింది. "అంటే పెద్దింటోళ్ళు, చిన్నింటోళ్ళు అని గదులు పంచుకున్నరు" అని వాడు ఒక్క ముక్కలో తేల్చాడు. పరిశోధకులు ఇంత సూటిగా రాయరు. పంపకాల గొడవ చచ్చాక కూడా ఉంటుందని మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఈ రెండు దేశాల రాతిసమాధులను పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళలో నేను మొదటివాణ్ణేం కాదు. నిజాం రాజ్యంలో సురపురం వ్యవహారాలు చక్కబెట్టిన మెడోస్ టేలర్ 1850లలో భీమా నది ఒడ్డున ఇలాంటివే తవ్వాడు. తన దేశంలో చూసిన రాతి గూళ్ళు, రాతి వలయాలు దక్కనులో కనబడేసరికి ఆయన ఉప్పొంగిపోయాడు. ఒకే జాతి మనుషులు అక్కడా ఇక్కడా తిరిగి కట్టారని నమ్మాడు. ఆ నమ్మకం నిలవలేదు. మా రాక్షసగుళ్ళు ఇనుప యుగానివి, ఈ దిబ్బ కన్నా రెండు వేల ఏళ్ళకు పైగా చిన్నవి. వాటిలో ఇనుప కత్తులుంటాయి, నలుపూ ఎరుపూ కలిసిన కుండలుంటాయి. వీళ్ళకు ఇనుము మాటే తెలియదు. ఇక్కడ ఈ గదులు కడుతున్న రోజులకు ఊట్నూరులో బూడిద దిబ్బ ఇంకా మొదలే కాలేదు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అయినా టేలర్‌ను చూసి నవ్వలేకపోయాను. నారాయణపేట జిల్లా ముడుమాల దగ్గర నిలువురాళ్ళ మధ్య, ఎల్లమ్మగా పసుపు పూయించుకుంటున్న రాయి ముందు నిలబడ్డవాడికి ఈ తలుపురాళ్ళ ముందు నిలబడితే అదే ఒళ్ళు జలదరింపు వస్తుంది. వంశం ఒకటి కాకపోయినా బరువు ఎత్తి నిలబెట్టాలన్న కోరిక ఒకటి. ఆ కోరిక ఎక్కడ నుంచి వస్తుందో నా దగ్గర సిద్ధాంతం లేదు. ఆయన దగ్గర ఉంది, తప్పయింది.

దిగేటప్పుడు ఎండ ముదిరింది. ఎదురుగా ఎక్కుతున్న ముసలి దంపతులు, చేతికర్రల మీద ఒరిగి, పైన గాలి ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాం. అంతకు మించి వాళ్ళకేం అక్కర్లేకపోయింది.

తర్వాత మార్ల్‌బరోలో టీకి ఆగాం. ఈ జిల్లా సొంత తిండి లార్డీ కేక్. రొట్టె పిండిని పరిచి, పంది కొవ్వు, చక్కెర, ఎండుద్రాక్ష వేసి, మడిచి, మళ్ళీ పరిచి మడిచి కాలుస్తారు. అడుగున చక్కెర పాకం పట్టి అంటుకుంటుంది. వేడిగా తింటే వేళ్ళు నాకక తప్పదు. దానికి తోడు వాళ్ళ టీ. మా పాలమూరు చాయ్ తాగేవాడికి అది పాలు తగిలిన వేణ్ణీళ్ళే, కానీ ఆ తీపి మీద ఆ చప్పదనం సరిగ్గా కుదిరింది. రెండో ముక్క మేనల్లుడు వద్దన్నాడు, నేను అనలేదు.

అక్కడుండగానే మహబూబ్‌నగర్ నుంచి మా అక్క వీడియోలో వచ్చింది. ఎక్కడికి పోయారని అడిగితే వాడు దాచకుండా చెప్పేశాడు: "మామ నన్ను గోరీలకు తోల్కపోయిండమ్మా. లోపట్కి గూడ పోయినం. దాని మీదనే బువ్వ తిన్నం."

"ఏంది తమ్మీ, పిలగాన్ని గోరీలకు తోల్కపోతవా?"

ఐదు వేల ఆరు వందల ఏళ్ళ నాటిదక్కా, ఎముకలు కూడా లేవు, ఎప్పుడో తీసి మ్యూజియంలో పెట్టారు, పిట్టలు కాపురం ఉంటున్నాయి, ఇంకా మైలేమిటి అని నా వాదన నేను వినిపించాను. పదిరోజుల మైల, ఏడాది మైల అని శాస్త్రంలో కూడా లెక్కలున్నాయి కదా అన్నాను.

అక్క అంతా విన్నది. "ఎన్నేండ్లదైతేంది. సచ్చినోళ్ళు సచ్చినోళ్ళే. ఇంట్ల పసిపిల్ల ఉన్నది. బట్టలు బయటనే ఇడిచి, తలమీద నీళ్ళు పోసుకొని లోపల్కి పోన్రి."

స్విండన్‌లో ఆ ఇంటికి బయట నల్లా లేదు. వాకిట్లో బట్టలు విడిస్తే ఎదురింటివాళ్ళు పోలీసులకు ఫోన్ చేస్తారు. దారి పొడుగునా ఇద్దరం ఉపాయం వెతికాం. చివరికి మేనల్లుడి భార్య కారు గ్యారేజీలోకి ఒక బకెట్టు, చెంబు, రెండు తువ్వాళ్ళు పంపింది. నీళ్ళు మాత్రం కాగబెట్టి పంపింది. ముందు నేను పోసుకున్నాను, పెద్దవాణ్ణని.